స్ట్రీడా ఇసుకలో ఓడ పక్కటెముకలు: ఇవి ఆర్మడావేనా?

స్లైగో వాణి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

అందరికీ నమస్కారం. ఐర్లండ్ పడమటి తీరంలో స్లైగోలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇవాళ పొద్దున నైట్ డ్యూటీ దిగాక నిద్ర పట్టక కారు వేసుకుని స్ట్రీడా బీచ్‌కి వెళ్లాను. స్లైగోకి ఉత్తరాన, గ్రేంజ్ అనే చిన్న ఊరి పక్కన ఉంటుంది. వెనక బెన్‌బుల్బెన్ కొండ, ముందు అట్లాంటిక్, మధ్యలో మూడు కిలోమీటర్ల ఇసుక. ఆ వేళప్పుడు మనిషన్నవాడు లేడు.

నీళ్లు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. నడుస్తుంటే ఇసుకలోంచి నల్లటి దుంగలు వరసగా పొడుచుకొచ్చి కనిపించాయి. దగ్గరికెళ్తే ఓడ! అడుగుభాగం మాత్రమే మిగిలింది. రెండు వైపులా పక్కటెముకల్లా వంగిన దుంగలు, నడుమ నిలిచిన నీళ్లు. ఒక దుంగ మీద చెయ్యి వేశాను. రాయిలా గట్టిగా ఉంటుందనుకుంటే పైపొర మెత్తగా ఉంది, వేలిగోరు దిగింది. గాయాన్ని ముట్టుకున్నట్టనిపించి చటుక్కున చెయ్యి తీసేశాను.

1588లో స్పానిష్ ఆర్మడా (ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఓడల దండు) ఓడలు మూడు ఇక్కడ పగిలిపోయాయని దగ్గర్లో స్మారకం ఉంది. నేను చూసింది వాటిలో ఒకటేనా? ఎంతమంది పోయారు? ఆ పోయినవాళ్లను ఎక్కడ పూడ్చారు? ఇంటికొచ్చినా అదే ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

చరిత్ర మాస్టారు | ఆదివారం, సాయంత్రం 4:05

అమ్మా వాణీ, మంచి చోట నిలబడ్డావు. నేను రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆర్మడా పాఠం చెప్పిన ప్రతిసారీ ఇంగ్లిష్ ఛానల్ యుద్ధం దగ్గర ఆపేసేవాళ్లం. అసలు చావులు ఎక్కువ జరిగింది ఆ తర్వాత, నువ్వున్న ఆ తీరంలో.

1588లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఇంగ్లండ్ మీదికి దాదాపు 130 ఓడలు, 30,000 మందిని పంపాడు. ఇంగ్లిష్ ఛానల్ ఒడ్డున గ్రావ్‌లీన్ దగ్గర దెబ్బతిన్నాక వచ్చిన దారిన వెనక్కి పోవడానికి గాలి ఒప్పుకోలేదు. స్కాట్లండ్ పైనుంచి చుట్టి, ఐర్లండ్‌కి పడమరగా దిగి ఇంటికి పోవాలనుకున్నారు. ఐర్లండ్ తీరానికి దగ్గరగా పోవద్దు, అక్కడ కీడు జరుగుతుంది అని సేనాధిపతి మెదీనా సిదోనియా ముందే ఆజ్ఞ రాసిచ్చాడు. అయినా రెండు డజన్ల ఓడలు అక్కడే పోయాయి.

స్ట్రీడా దగ్గర పోయినవి మూడు: లా లావియా, లా జూలియానా, శాంటా మరియా దె విసోన్. తేదీల విషయంలో పుస్తకానికో మాట కనిపిస్తే కంగారుపడకు. స్పెయిన్ 1582లోనే కొత్త క్యాలెండర్‌కి మారింది, ఇంగ్లండ్ 1752 దాకా పాతదే వాడింది. ఆ కాలంలో రెంటికీ పది రోజులు తేడా.

పాతపటాలు (కార్క్) | ఆదివారం, సాయంత్రం 6:30

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ వాణి గారూ, మీరు చెయ్యి వేసింది ఆర్మడా ఓడ మీద కాదు.

ఆర్మడా ఓడలు మూడూ ఒడ్డుకి కాస్త అవతల నీళ్ల అడుగున ఉన్నాయి. ఇసుకలో కనిపించే పక్కటెముకలను అక్కడివాళ్లు ‘వెన్న పడవ’ అంటారు. ఏళ్ల తరబడి దాని పుట్టుపూర్వోత్తరాలు తేలలేదు. చివరికి ప్రభుత్వ పురావస్తు శాఖవాళ్లు దుంగల ముక్కలు తీసి చెట్టు వలయాలు లెక్కపెట్టించారు. అది గ్రేహౌండ్ అనే సరుకు ఓడ. ఇంగ్లండ్‌లోని విట్బీలో 1747లో కట్టింది, 1770 డిసెంబరు 12 రాత్రి స్ట్రీడాలో పగిలింది. అంటే ఆర్మడాకి 182 ఏళ్ల తర్వాత, అదే ఇసుక మీద.

గ్రేహౌండ్ కథ విడిగా చెప్పాలి. ముందు ఆర్మడా సంగతి తేల్చుకుందాం.

విశాఖ సరంగు | ఆదివారం, రాత్రి 9:15

నలభై ఏళ్లు ఓడల మీద తిరిగినవాణ్ణి. చదువు తక్కువ, సముద్రం ఎక్కువ. ఓడ ఎందుకు పోయిందో చెప్పమంటే చెబుతాను.

గాలి సముద్రం మీదనుంచి ఒడ్డు వైపు కొడుతున్నప్పుడు ఒడ్డుకి దగ్గరగా ఉన్న తెరచాప ఓడకి మిగిలేది లంగరొక్కటే. అప్పటి ఓడలు ఎత్తుగా, లావుగా, కోటలాగా కట్టినవి. గాలికి ఎదురు పోవడం వాటివల్ల కాదు. లంగరు పట్టిందా బతుకు, జారిందా చావు. నడిమధ్య ఇంకేం లేదు.

ఆ లంగర్లేమయ్యాయో చూడండి. ఫ్రాన్స్ ఒడ్డున కలే రేవు దగ్గర ఆర్మడా ఆగి ఉంటే, ఇంగ్లిష్‌వాళ్లు ఎనిమిది ఓడలకు నిప్పంటించి, గాలివాటున రాత్రిపూట వాటి మీదికి వదిలారు. చెక్క ఓడ, తారు పూసిన మోకులు, లోపల మందుగుండు! ఎవడు ఆగుతాడు? లంగరు పైకి లాగే టైము లేక మోకులు నరికేసి పారిపోయారు. మంచి లంగర్లన్నీ కలే రేవు అడుగునే ఉండిపోయాయి. ఆరేడు వారాల తర్వాత ఐర్లండ్ తీరంలో తుపాను ముంచుకొస్తే, వాళ్ల దగ్గర ఉన్నవి ఏవో మిగిలిన చిన్న లంగర్లు. స్ట్రీడా ఓడలు పోయింది సెప్టెంబరులో. కానీ వాటి మీద వేటు పడింది ఆగస్టులో, కలేలో.

లంగరు జారితే ఎలా ఉంటుందో మన వైజాగ్‌వాళ్లకి చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు కింద రాళ్లెక్కి కూర్చోలేదూ? ఇనుప ఓడ, ఇంజనున్న ఓడ. దాని మనుషులు క్షేమంగా దిగారు. ఇంజను లేని చెక్క ఓడకి, అట్లాంటిక్ అలలకి ఇక లెక్కేముంది.

చరిత్ర మాస్టారు | ఆదివారం, రాత్రి 10:02

సరంగు గారూ, ఇన్నేళ్లలో ఈ లంగర్ల సంగతి ఇంత తేటగా నేనెప్పుడూ పిల్లలకి చెప్పలేదు. దానికి ఇంకొకటి కలపండి. ఉత్తర దక్షిణాలు ఎంత దూరం వచ్చామో సూర్యుణ్ణి చూసి లెక్కగట్టేవాళ్లు. తూర్పు పడమరలు మాత్రం అంచనాయే. అట్లాంటిక్ ప్రవాహం తమను తూర్పుకి, అంటే ఐర్లండ్ వైపుకి, నెడుతోందని వాళ్లకి తెలియదు. చాలా దూరంగా ఉన్నామనుకుని దక్షిణానికి తిరిగారు, తీరా చూస్తే ఎదురుగా కొండలు.

పైగా ఆ మూడూ మధ్యధరా సముద్రంలో సరుకులు మోసిన వర్తక ఓడలు. రాజుగారు స్వాధీనం చేసుకుని ఫిరంగులెక్కించాడు. ఆ సముద్రం వేరు, ఈ సముద్రం వేరు.

డబ్లిన్ కార్తీక్ | సోమవారం, ఉదయం 8:20

చాలా మంచి చర్చ అండీ. చిన్న సందేహం. ఆర్మడా ఓడల్లో బంగారం ఉండేదని విన్నాను. తుపాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొస్తుందా? ఫ్రెండ్ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది, వచ్చే వీకెండ్ ఇద్దరం స్లైగో వెళ్దామనుకుంటున్నాం.

పాతపటాలు (కార్క్) | సోమవారం, ఉదయం 9:10

తమ్ముడూ, బీచ్‌కి వెళ్లు, డిటెక్టర్ మాత్రం ఇంట్లో పెట్టేసి వెళ్లు. ఐర్లండ్‌లో అనుమతి లేకుండా పురాతన వస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడం నేరం. నూరేళ్లు దాటిన ఏ ఓడ శిథిలమైనా చట్టం కాపలాలో ఉన్నట్టే, దాని దగ్గర డైవింగ్‌కి కూడా లైసెన్సు కావాలి. వీసా మీద ఉన్నవాళ్లం, ఊరికే చిక్కుల్లో పడొద్దు.

ఆ చట్టం వెనక స్ట్రీడా కూడా ఉంది. 1985లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన డైవర్లు ఈ మూడు ఓడలు ఎక్కడున్నాయో కనిపెట్టారు. పైకి తీసే హక్కు ఎవరిదన్న కేసు ఏళ్ల తరబడి ఐర్లండ్ కోర్టుల్లో నడిచింది. ఈలోగా 1987లో చట్టాన్ని సవరించి పాత ఓడలకు రక్షణ కల్పించారు. ఇప్పుడు ప్రభుత్వం దగ్గరున్న జాబితాలో ఐర్లండ్ చుట్టూ 18,000కి పైగా ఓడ ప్రమాదాల వివరాలున్నాయి. సరిగ్గా ఫలానా చోట ఉందని తెలిసినవి వాటిలో కొన్ని వేలే. తెలిసినవాటిని ఇంట్లో కూర్చుని మ్యాప్ మీద చూసుకోవచ్చు, ప్రభుత్వ సైట్‌లో అందరికీ ఉచితం. అది తెరిచి స్లైగో తీరం మీద నొక్కు. ఒక రాత్రి గడిచిపోతుంది.

డబ్లిన్ కార్తీక్ | సోమవారం, ఉదయం 9:25

తెలియక అడిగానన్నా. డిటెక్టర్ మానేశాం. మ్యాప్ తెరిచాను. తీరం పొడవునా చుక్కలే. ఒక్కో చుక్కా ఒక్కో ఓడ అనుకుంటే ఒళ్లు జలదరించింది.

బార్సిలోనా బుజ్జి | సోమవారం, మధ్యాహ్నం 12:45

లా జూలియానా పేరు చూసి లోపలికొచ్చాను. అది మా వైపు ఓడ! బార్సిలోనా పక్కన మతరో అనే తీరపు ఊళ్లో 1570లో కట్టారు. నేనిక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను, మతరోకి లోకల్ రైల్లో వెళ్లొస్తుంటాను, దారంతా పట్టా పక్కనే సముద్రం. ఆ ఓడ స్పెయిన్‌కీ ఇటలీకీ మధ్య సరుకులు మోసుకుంటూ పద్ధెనిమిదేళ్లు బతికింది. యుద్ధానికి ఎక్కించినప్పుడు దానిమీద 32 ఫిరంగులు, దాదాపు నాలుగు వందల మంది మనుషులు.

2015లో శీతాకాలపు తుపాన్లు ఇసుకను కదిలిస్తే దాని చెక్కలు స్ట్రీడా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఐర్లండ్ పురావస్తు డైవర్లు దిగి తొమ్మిది కంచు ఫిరంగులు పైకి తీశారు. అందులో ఒకదాని మీద 1570 అని ఏడాది, సెయింట్ మత్రోనా బొమ్మ ఉన్నాయి. అది లా జూలియానాయే అని అలా తేలింది.

మత్రోనాని ఇక్కడ మద్రోనా అంటారు, బార్సిలోనాకి పోలేరమ్మ లాంటి తల్లి. పాత ఓడల కార్ఖానా పక్కన కోట గుమ్మం ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది, దాని పేరు మద్రోనా గుమ్మం. రోజూ లైబ్రరీకి దాని ముందునుంచే నడుస్తాను. ఫిరంగి మీద ఆ తల్లి ఫొటో చూశాక నాలుగు రోజులు ఆ గుమ్మం దగ్గర ఆగి చూసేదాన్ని. ఊళ్లో కాపాడే తల్లిని ఫిరంగి మీద పోతపోసి సముద్రం మీదికి తీసుకెళ్లారు. నాలుగు వందల ఏళ్లు ఆవిడ ఇసుకలో పడుకుంది.

రసాయనం | సోమవారం, రాత్రి 8:30

హైదరాబాద్ నుంచి. పాత వస్తువుల్ని భద్రపరిచే పని నాది. వాణి గారు వేలిగోరు దిగిందన్నారు కదా, ఆ సంగతి చెబుతాను.

ఇసుకలో కూరుకుపోయిన చెక్కకి గాలి తగలదు. చెక్కని తొలిచి తినే ఓడపురుగు అక్కడ బతకలేదు. అందుకే వందల ఏళ్లు ఆకారం చెడకుండా ఉంటుంది. కానీ ఆకారమే ఉంటుంది. లోపలి కణాల గోడలు కరిగిపోయి, ఆ ఖాళీల్లో నీళ్లు నిలబడి చెక్కను పట్టుకుని ఉంటాయి. బయటికి తీసి ఎండలో పెడితే నీళ్లు పోతాయి, గోడలు కూలతాయి, చెక్క ముడుచుకుపోయి నెర్రెలిచ్చి పిడకలా విరుగుతుంది. అందుకే తీసిన క్షణం నుంచి తడిపి ఉంచాలి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థం ఎక్కించి, నీళ్ల స్థానంలో అది నిండాక మెల్లగా ఆరబెట్టాలి. ఇంగ్లండ్‌లో మేరీ రోజ్ అనే ఓడను 1982లో పైకి తీసి 2013 దాకా, మొదట నీళ్లు, తర్వాత ఆ పదార్థం, చల్లుతూనే ఉన్నారు.

కంచు ఫిరంగి గట్టిదే, అయినా దాని రంధ్రాల్లో ఉప్పు దాగి ఉంటుంది. ఉప్పంతా దిగేదాకా తొట్టిలో నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. తొందరపడితే తర్వాత పచ్చటి పొడి రాలి ఫిరంగి తినేసుకుంటుంది.

కాబట్టి ‘అన్నీ పైకి తీసెయ్యొచ్చుగా’ అనేవాళ్లకి నా మాట: తీసిన ప్రతి దుంగకీ పదేళ్ల పోషణ, డబ్బు, మనిషి కావాలి. అవి లేనప్పుడు ఇసుకలోనే క్షేమం. ఒడ్డున కనిపించే దుంగల్ని కూడా ముట్టుకోకండి, వాటి మీదెక్కి ఫొటోలు దిగకండి.

స్లైగో వాణి | మంగళవారం, ఉదయం 7:50

ఇంక ముట్టుకోనండీ.

ఫిరంగుల గురించి, చెక్క గురించి ఇంత తెలుసుకున్నాను, చాలా సంతోషం. కానీ మనుషుల సంగతి ఎవరూ చెప్పలేదు. మా వార్డులో ఒక మనిషి పోతే ఎంత రాత్రైనా టైము రాస్తాం, పేరు రాస్తాం, ఇంటికి ఫోన్ చేస్తాం. ఆ మూడు ఓడల్లోవాళ్లకి ఎవరు రాశారు?

చరిత్ర మాస్టారు | మంగళవారం, ఉదయం 11:20

ఒకాయన రాశాడమ్మా. బతికి బయటపడి రాశాడు.

పేరు ఫ్రాన్సిస్కో దె క్వెయార్. శాన్ పెద్రో అనే ఓడకి కెప్టెన్. తన ఓడ వరస తప్పి ముందుకి పోయిందని ఉరిశిక్ష వేశారు. అదే నేరానికి ఇంకో కెప్టెన్‌ని ఉరితీసి అందరికీ చూపించారు కూడా. క్వెయార్‌ని మాత్రం లా లావియా మీద, సైన్యపు న్యాయాధికారి మార్టిన్ దె అరాండా దగ్గర ఉంచారు. శిక్షపడ్డ ఖైదీగానే స్ట్రీడాకి చేరాడు. 1589 అక్టోబరు 4న ఆంట్వెర్ప్ నుంచి రాసిన ఉత్తరంలో అంతా చెప్పాడు.

ఒడ్డుకి అర లీగు (ఇంచుమించు మైలున్నర) దూరంలో నాలుగు రోజులు లంగరేసి ఉన్నారు. అయిదో రోజు గాలి పక్కనుంచి లేచింది. మోకులు ఆగలేదు, తెరచాపలు పనిచెయ్యలేదు. మూడు ఓడలూ ఇసుక మీదికి వచ్చిపడ్డాయి. గంటసేపట్లో మూడూ ముక్కలు. వెయ్యి మందికి పైగా మునిగారు, బతికింది మూడు వందల మందేనంటాడు.

దోన్ దియెగో ఎన్రీకెజ్ అనే పెద్ద అధికారి తప్పించుకోవడానికి మూతున్న చిన్న పడవ ఎక్కాడు. కూడా ఒక కౌంట్‌గారి కొడుకు, ఇద్దరు పోర్చుగీసు పెద్దమనుషులు. 16,000 డుకాట్ల (అప్పటి బంగారు నాణేల) విలువైన నగలూ నాణేలూ పెట్టుకుని లోపల కూర్చుని, నీళ్లు రాకుండా మూతని బయటినుంచి బిగించి పూడ్పించుకున్నారు. అంతే, మునుగుతున్న ఓడలోంచి డెబ్భై మందికి పైగా ఆ పడవ మీదికి దూకారు. పడవ తిరగబడింది. ఒడ్డుకి బోర్లాగా కొట్టుకొచ్చింది. ఒకటిన్నర రోజు తర్వాత మేకులకోసం పగలగొట్టినవాళ్లు లోపల శవాలు చూశారు.

క్వెయార్‌కి ఈత రాదు. ఓడ వెనకభాగం మీద నిలబడి అంతా చూశాడు. చివరికి బల్లంత తలుపుచెక్క ఒకటి దొరికితే తనూ అరాండా ఎక్కారు. అరాండా చొక్కాలో, లాగులో బంగారు నాణేలు కుట్టించుకుని ఉన్నాడు. ఒక అల వచ్చి ఆయన్ని లాక్కుపోయింది. ఇంకో దుంగ వచ్చి క్వెయార్ కాళ్లు నలిపింది. నెత్తురోడుతూ ఒడ్డెక్కి, పాక్కుంటూ పోయి తుంగలో దాక్కున్నాడు.

స్లైగో వాణి | మంగళవారం, ఉదయం 11:40

మాస్టారూ, ఆ తుంగ ఇప్పటికీ ఉంది. బీచ్ వెనక దిబ్బల మీద నడుము లోతు గడ్డి. తర్వాత?

చరిత్ర మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

రాత్రి ఒక కుర్రాడు, పెద్దింటివాడే, ఒంటిమీద నూలుపోగు లేకుండా వచ్చి పక్కన పడుకున్నాడు. భయంతో నోట మాట లేదు. ఇద్దరు మనుషులు వచ్చారు, ఒకడి చేతిలో గొడ్డలి. చంపుతారనుకున్నాడు. వాళ్లు మారుమాట్లాడకుండా తుంగ, గడ్డి కోసి ఇద్దరి మీదా కప్పి, ఓడల దగ్గర దొరికింది పట్టుకోవడానికి వెళ్లిపోయారు. తెల్లారి చూస్తే ఆ కుర్రాడు చనిపోయి ఉన్నాడు. పేరు కూడా తెలుసుకోలేదు.

నువ్వడిగిన లెక్క: కొద్దివారాల తర్వాత అక్కడికి వెళ్లిన, అప్పుడు ఐర్లండ్‌ని ఏలుతున్న ఇంగ్లిష్‌వాళ్ల అధికారి జెఫ్రీ ఫెంటన్, అయిదు మైళ్లు కూడా లేని ఒక్క తీరంలో 1,100కి పైగా శవాలు లెక్కపెట్టానని రాశాడు. తర్వాత గవర్నర్ ఫిట్జ్‌విలియమ్ వెళ్తే, అయిదు పెద్ద ఓడలు కట్టడానికి మించిన కలప ఒడ్డున పడి ఉందట. ఆయన కలపని చూసి ఆశ్చర్యపోయాడు.

గుంటూరు శేషు | మంగళవారం, రాత్రి 7:15

అంటే ఐరిష్‌వాళ్లు ఒడ్డున పడ్డవాళ్లని దోచుకుని చంపారన్నమాటేగా? మీరంతా అక్కడి జనాన్ని మంచివాళ్లుగా చూపిస్తున్నారు. గొడ్డలి పట్టుకొచ్చినవాడు గడ్డి కప్పాడు సరే, దోపిడీ చేసింది ఎవరు?

చరిత్ర మాస్టారు | మంగళవారం, రాత్రి 8:40

న్యాయమైన ప్రశ్న శేషు గారూ. దోచుకున్నది నిజం. ఒడ్డెక్కినవాళ్ల బట్టలతో సహా ఊడ్చారని క్వెయారే రాశాడు. ఆకలి బతుకులు, ఒక ఇనుప మేకు కూడా ఆస్తి. కానీ చంపింది ఎక్కువగా ఇంగ్లిష్ పాలకుల సైన్యం. ఒడ్డున దొరికిన స్పానిష్‌వాణ్ణి చంపమని పైనుంచే ఆజ్ఞ. క్వెయార్ దగ్గర్లోని మఠానికి పోతే లోపల పన్నెండు మంది స్పానిష్‌వాళ్లు ఉరితాళ్లకి వేలాడుతున్నారు. దక్షిణాన క్లేర్ తీరంలో స్పానిష్ పాయింట్ అనే ఊరుంది, అక్కడ ఒడ్డెక్కినవాళ్లని షెరీఫ్ (ఆ ప్రాంతపు అధికారి) ఉరితీయించాడు. ఆ షెరీఫ్ ఐరిష్‌వాడే, బొయేషస్ క్లాన్సీ. కాబట్టి జాతినిబట్టి మంచీ చెడూ పంచలేం.

అదే ఇంటిపేరున్న ఇంకో క్లాన్సీని చూడండి. మెల్విన్ సరస్సులో రాస్‌క్లోహర్ కోట పెద్ద మెక్‌క్లాన్సీ. క్వెయార్‌నీ ఇంకొందరు స్పానిష్‌వాళ్లనీ ఇంట్లో పెట్టుకున్నాడు. ఇంగ్లిష్ సైన్యం వస్తే ఆయన జనంతో పశువులతో కొండల్లోకి పోయాడు, తొమ్మిది మంది స్పానిష్‌వాళ్లు ఆ కోటలో పదిహేడు రోజులు నిలిచారు. మంచు పడి సైన్యం వెనుదిరిగింది. రెండేళ్లకి మెక్‌క్లాన్సీని ఇంగ్లిష్‌వాళ్లు చంపారు. ఆశ్రయమిచ్చిన ఇంకో నాయకుడు ఓరూర్క్‌ని 1591లో లండన్‌లో ఉరితీశారు. అన్నం పెట్టినందుకు చెల్లించిన ఖరీదు అది.

గుంటూరు శేషు | మంగళవారం, రాత్రి 9:05

ఇంత లోతు నాకు తెలియదు మాస్టారూ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బెల్‌ఫాస్ట్ భాను | బుధవారం, సాయంత్రం 6:10

స్ట్రీడా నుంచి తీరం పట్టుకుని ఉత్తరంగా వస్తే మా ఆంట్రిమ్ తీరంలో హిరోనా ఓడ పోయింది. దాని కథ వింటే గుండె చెరువవుతుంది. అలోన్సో దె లేవా అనే సేనాని ఓడ మేయో తీరంలో ఒడ్డుకెక్కి పోయింది. తన మనుషులతో నడిచి వెళ్లి ఇంకో ఓడ ఎక్కాడు, అది డోనెగల్ తీరంలో పగిలింది. మళ్లీ నడిచి కిల్లీబెగ్స్ రేవులో ఉన్న హిరోనా ఎక్కాడు. మూడు ఓడల జనం ఒకదాంట్లో, 1,300 మంది. స్కాట్లండ్‌కి పోతూ జెయింట్స్ కాజ్‌వే పక్కన లకాడా పాయింట్ రాళ్లకి కొట్టుకుంది. తొమ్మిది మంది బతికారు. లేవా బతకలేదు.

1967లో రాబర్ట్ స్టెన్వీ అనే బెల్జియం డైవర్ దాన్ని కనిపెట్టాడు. దొరికిన బంగారం బెల్‌ఫాస్ట్‌లో అల్‌స్టర్ మ్యూజియంలో ఉంది. కెంపులు పొదిగిన బల్లి ఆకారపు పతకం ముందు అందరూ గుమిగూడతారు. నేను మాత్రం ప్రతిసారీ ఒక ఉంగరం దగ్గరికి పోతాను. సన్నటి బంగారు ఉంగరం, చెయ్యి ఒక గుండెని పట్టుకున్నట్టు చెక్కారు. దానిమీద స్పానిష్‌లో ‘నీకివ్వడానికి నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు’ అని ఉంటుంది. ఎవరో ఒకామె ఇచ్చి పంపింది. ఆమె ఎన్నాళ్లు గుమ్మంలో నిలబడిందో.

పాతపటాలు (కార్క్) | బుధవారం, రాత్రి 9:50

భాను గారి ఉంగరం చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా కార్క్ వైపు అహకిస్టా అనే చిన్న ఊరుంది. 1985 జూన్ 23న ఎయిరిండియా విమానం ఈ తీరానికి దూరంగా సముద్రం మీద పేలిపోయినప్పుడు 329 మంది పోయారు. అది ఓడ కాదు, చరిత్ర పాఠం కూడా కాదు, మనవాళ్ల సంగతి. దొరికిన శరీరాల్ని కార్క్‌లోని ఆసుపత్రికి తెచ్చారు. అహకిస్టాలో సముద్రానికి ఎదురుగా స్మారక తోట కట్టారు, ఏటా అదే రోజున ఊరివాళ్లు, వచ్చిన బంధువులు కలిసి నిలబడతారు. వాణి గారు అడిగిన ‘ఎవరు రాశారు’ అన్న మాటకి ఈ తీరం ఇచ్చిన జవాబుల్లో అదొకటి. గ్రేంజ్‌లో కూడా ఏటా సెప్టెంబరులో ఆర్మడావాళ్లని తలుచుకుంటారు.

స్లైగో వాణి | గురువారం, ఉదయం 8:15

అన్నయ్యా, ఆ రోజు కార్క్‌లో డ్యూటీలో ఉన్న నర్సుల గురించి ఆలోచిస్తున్నాను.

గ్రేహౌండ్ కథ చెబుతానన్నారు. నేను చెయ్యి వేసింది దానిమీద కదా. చెప్పండి.

పాతపటాలు (కార్క్) | గురువారం, రాత్రి 10:30

చెబుతాను.

1770 డిసెంబరులో గ్రేహౌండ్ మేయో తీరంలో ఎరిస్ హెడ్ దగ్గర తుపానులో చిక్కుకుంది. ఇక నిలవదనుకుని సిబ్బంది ఓడని వదిలి ఒడ్డుకి చేరారు. చేరాక చూసుకుంటే కేబిన్‌లో పనిచేసే కుర్రాడు లేడు. ఓడ మీదే ఉండిపోయాడు.

వాళ్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లారు. సిబ్బందిలో కొందరు, ఒడ్డునున్న ఊరివాళ్లు, అటుగా వచ్చిన మేరీ అనే మరో ఓడవాళ్లు. ఆ అబ్బాయి వాళ్లలో చాలామందికి ముఖపరిచయం కూడా లేనివాడు. ఓడ దాకా చేరగలిగారు, ఎక్కగలిగారు. తిరిగి రావడానికి గాలి ఒప్పుకోలేదు. తుపాను ఓడని వాళ్లతో సహా బయటి సముద్రంలోకి లాగి, తూర్పుగా తోసుకొచ్చి, స్ట్రీడా ఇసుక మీద పగలగొట్టింది. 20 మంది పోయారు.

మీరు చూసిన పక్కటెముకలు ఆ ఓడవి.

విశాఖ సరంగు | గురువారం, రాత్రి 11:05

ఒడ్డెక్కి మళ్లీ దిగినవాళ్లు. సముద్రం తెలిసినవాడికే అర్థమవుతుంది, ఆ రెండోసారి పడవెక్కడానికి కాలు ఎంత బరువుగా లేస్తుందో. వాళ్లకి నా దండం.

స్లైగో వాణి | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఇవాళ మళ్లీ వెళ్లాను. నీళ్లు తీసే వేళ చూసుకునే వెళ్లాను. వారం రోజుల గాలికి ఇసుక కదిలి ఓడని దాదాపు కప్పేసింది. రెండు దుంగల కొసలు మాత్రం కనిపించాయి, జానెడు ఎత్తున, పక్కపక్కన. దూరంగా నిలబడ్డాను, ముట్టుకోలేదు. ఒక పెద్దాయన కుక్కని తీసుకుని అటు వచ్చాడు. ‘వెన్న పడవ కోసమా?’ అని అడిగాడు. అవునన్నాను. ‘వచ్చే తుపాను తర్వాత రా, మళ్లీ పైకి వస్తుంది’ అన్నాడు.

ఆయన వెళ్లాక ఇంకాసేపు ఉన్నాను. పోటు మొదలై ముందు ఒక కొస మునిగింది, కాసేపటికి రెండోది.